కదలుబొమ్మల కవిలెకట్టలు

ఏలూరునకు ఉత్తరమున అనతిదూరములో పెదవేగి కలదు. ఒకనాడు వేంగీ రాజ్యమునకు తలమానికమై వెలసిన ఆ నగరము నేడు పొలముల నడుమ నొదిగియున్న గ్రామము. అచ్చట లభించిన సాలంకాయన నందివర్మ తామ్రశాసనము పదునైదువందల యేండ్లకు పూర్వపుదని చరిత్రకారులు చెప్పుదురు. రాగిరేకులు నిలిచినవి, అందలి దానవాక్యమును చదువగలవారును నేటికి ఉన్నారు. ఈ రెండును వేర్వేరు భాగ్యములు. అశోకుని శాసనములు రెండువేల యేండ్లు రాతిపై చెక్కుచెదరక నిలిచియు, 1837 ప్రాంతమున జేమ్సు ప్రిన్సెపు బ్రాహ్మీలిపి గుట్టు విప్పువరకు మూగరాళ్లుగనే యుండెను. వస్తువు చెడకుండుట ఒకటి, దానిని చదువు విద్య చెడకుండుట వేరొకటి.

ఈ భేదము కరణముల యిండ్లలో పుట్టి పెరిగినవారికి క్రొత్తది కాదు. తాటియాకుల కవిలెకట్టలో ఆకులున్నవి, ఆకులను గ్రుచ్చిన త్రాడున్నది, ఆకుపై లిపి యున్నది. త్రాడు తెగినచో ఆకుల వరుస తప్పును. వరుస సరిగనే యున్నను గొలుసుకట్టు వ్రాత తెలియనివాడు దానిని చదువలేడు. ఏలూరు సర్కారు నిజామునకు లోబడియున్న దినములలో పై కచేరీల లెక్కలు పారశీకమున నడచెను. 1766లో ఉత్తర సర్కారులు కుంఫిణీవారి పాలనకు వచ్చిన పిదప ఆ భాష క్రమక్రమముగా మూలబడెను. ఈనాడు అట్టి కాగితమొకటి పాత భోషాణములో దొరకినను, దానిని పట్టుకొని చదువగలవానికై ఎన్ని యూళ్లు తిరుగవలెనో ఊహింపవచ్చును.

నేటి గృహస్థుల బీరువాలలో అట్టి కాగితములకు సాటియైన వస్తువులు చేరినవి. 1985 మొదలు 2012 వరకు మన ప్రాంతమున జరిగిన పెండ్లిండ్లు, ఉపనయనములు, తిరునాళ్లు, నాటకములు, వరదలు వీడియో కెమేరాలచే చిత్రింపబడి, నల్లని క్యాసెట్లలోను, అగ్గిపెట్టెవంటి చిన్న క్యాసెట్లలోను, అరచేతి డిస్కులలోను, గోరంత కార్డులలోను ఇమిడియున్నవి. వానిని నేటి కంప్యూటరులో పెట్టి తెరువబోవగా కొన్నిట బొమ్మ కానవచ్చి శబ్దము రాదు. కొన్నిట శబ్దము వచ్చి బొమ్మ రాదు. కొన్నింటిని యంత్రము గుర్తింపనే గుర్తింపదు. ఈ చిక్కు ఎట్లు పుట్టినదో తెలియవలెనన్నచో కదలుబొమ్మల చరిత్రను కొంత వెనుకనుండి చూడవలెను.

మచిలీపట్టణమున జన్మించిన రఘుపతి వెంకయ్యనాయుడు గారు 1910 ప్రాంతమున క్రోనోమెగాఫోను అను యంత్రమును తెప్పించి, మదరాసు విక్టోరియా పబ్లిక్ హాలులో బొమ్మకు శబ్దమును జోడించి ప్రదర్శించిరి. ఆ యంత్రమున బొమ్మ యొకచోట, శబ్దము గ్రామఫోను పళ్లెముపై వేరొకచోట నుండెడివి. రెంటి నడక సరిపోవలెను. సరిపోనిచో పెదవులు ముందును మాట వెనుకను నడచును. శతాబ్దము గడచినను ఈ రోగము పూర్తిగా కుదురలేదు. కంప్యూటరులో పెండ్లి వీడియో కూర్చువారు నేటికిని మొదట వెదకునది పెదవికి మాట కుదిరినదా యనియే.

ఏలూరు చెంతనున్న సోమవరప్పాడున 1908లో జన్మించిన ఎల్.వి. ప్రసాదు గారి జీవితము ఈ చరిత్రలో ఒక విచిత్రమైన ముడి. హిందీలో తొలి టాకీయగు 'ఆలం ఆరా' (1931), తమిళమున తొలి టాకీగ లెక్కింపబడు 'కాళిదాసు' (1931), తెలుగున తొలి టాకీయైన 'భక్తప్రహ్లాద' — ఈ మూడింట ఆయన వేషము ధరించెను. ఒక్క మనుష్యుని ముఖము మూడు భాషల తొలి పలుకులకు సాక్షియైనది. కాని ఆ సాక్ష్యమును చూపుటకు నేడు చిత్రములు లేవు. 'ఆలం ఆరా' ప్రతి లభింపదు, 'భక్తప్రహ్లాద' ప్రతియు లభింపదు. చిత్రము పోవుటచే దాని పుట్టినదినము సైతము వివాదమున పడెను. 1931 సెప్టెంబరు 15 అని చిరకాలము పుస్తకములలో వ్రాయుచు వచ్చిరి; పాత్రికేయులు రెంటాల జయదేవ గారు సెన్సారు దాఖలాలను, నాటి పత్రికలను శోధించి, అది 1932 ఫిబ్రవరి 6న విడుదలయైనదని నిరూపించిరి. బొమ్మ నశించి కాగితము సాక్ష్యమిచ్చినది. పత్రికలను, దస్తావేజులను భద్రపరచువారు ఈ వృత్తాంతమును జ్ఞప్తియందుంచుకొన తగును.

ఫిల్ము నశించుటకు హేతువులు తెలిసినవే. ఆ కాలపు నైట్రేటు ఫిల్ము అగ్గి తగిలినచో తుపాకిమందువలె మండును. 2003 జనవరిలో పూనా నగరమున పాత నైట్రేటు ఫిల్ములను దాచిన కొట్టు తగులబడి, వేలకొలది రీళ్లు భస్మమయ్యెను. అయినను ఫిల్మునకొక సుగుణము కలదు. దానిని చదువుటకు విద్య అక్కరలేదు. 35 మిల్లీమీటర్ల ఆ పట్టీని వెలుగునకెత్తి చూచినచో బొమ్మ కంటికి కనబడును. సెకనునకు 24 బొమ్మల చొప్పున వెలుగు ముందు నడిపినచో కదలిక పుట్టును. తాడేపల్లిగూడెమున రేలంగి వెంకటరామయ్యగారు కట్టించిన రేలంగి చిత్రమందిరపు ప్రొజెక్టరుకును, అమెరికాలోని ప్రొజెక్టరుకును ఆ పట్టీ యొక్కటియే. 1957 నాటి 'మాయాబజార్'లో లక్ష్మణకుమారుడై ఆయన పండించిన హాస్యము 2010లో రంగులద్దుకొని మరల థియేటర్లకు వచ్చినదనగా, ఏబది మూడేండ్ల వెనుకటి ఫిల్ము చదువుటకు వీలుగా నిలిచియుండుటయే దానికి మూలము. ప్రసాదుగారు 1976లో మదరాసున స్థాపించిన ప్రయోగశాల వారసులు తరువాతి కాలమున పాత చిత్రములను ఒక్కొక్క ఫ్రేముగా కంప్యూటరునకెక్కించి గీతలు, మరకలు తుడుచు విద్యలో పేరుగాంచిరి. సోమవరప్పాటి బిడ్డ నాటిన మొక్క అట్లు కొమ్మలు వేసినది.

టేపు వచ్చుటతో కథ మారెను. 1976లో జపానున వెలువడిన వి.హెచ్.ఎస్. క్యాసెట్టులో అరంగుళము వెడల్పు గల అయస్కాంతపు పట్టీపై బొమ్మ గుప్తముగా వ్రాయబడును. వెలుగునకెత్తి చూచిన నల్లని పట్టీ తప్ప వేరేమియు కానరాదు. దానిని చదువుటకు సాటి యంత్రము తప్పనిసరి. 1980 దశకమున ఈ కెమేరాలు కోస్తా జిల్లాలకు వచ్చినవి. భుజముపై బరువైన కెమేరాను మోయుచు, ఒకడు దీపము పట్టి వెంట నడువగా, పెండ్లిపందిట కెమేరామాను తిరుగుట కొన్నాళ్లకు భజంత్రీలవలె వివాహమున కొక అంగమయ్యెను. మొదట సంపన్నుల యిండ్లలోను, పిదప సామాన్యుల యిండ్లలోను ఈ క్యాసెట్లు పోగుపడినవి. వానిలో ఎన్నిటిపైనో తరువాత టెలివిజను సీరియళ్లు ఎక్కింపబడినవి. క్యాసెట్టు అంచుననుండు చిన్న ప్లాస్టిక్కు పలుకును విరిచినచో దానిపై మరల రికార్డు చేయుట సాధ్యము కాదు. ఈ చిన్న సంగతి తెలియక తాతల ముఖములపై సీరియళ్లు పరచిన గృహములు తక్కువ కావు.

ఆ బొమ్మ కూర్పు కొంత విశేషమైనది. మన దేశము స్వీకరించిన పాల్ పద్ధతిలో ఒక బొమ్మకు 625 గీతలు, సెకనునకు 25 బొమ్మలు. అయితే బొమ్మ ఒక్కసారిగ గీయబడదు. ఏలూరు తివాచీని నేయువాడు వరుసవెంట వరుస నేయుచు పోవును. అట్లుగాక మొదట బేసి వరుసలన్నియు నేసి, పిదప మరల మొదటికి వచ్చి సరి వరుసలన్నియు నింపినాడనుకొందము; టెలివిజను బొమ్మ అట్టిది. సెకనునకు ఏబది సగములు. పాత టెలివిజను పెట్టెలో కంటికి తేడా తెలియదు. కంప్యూటరు తెర రెండు సగములను ఒకేసారి చూపును గనుక, ఆ రెంటి నడుమ సెకనులో ఏబదియవ వంతు కాలము గడచినందున, కదలుచున్న చేయి అంచున దువ్వెన పండ్లవంటి గీతలు కానవచ్చును. బొమ్మ చెడిపోయినదని భయపడి టేపును పారవైచినవారున్నారు. చెడినది బొమ్మ కాదు, చూపు తీరు. సగములను కలిపి పూర్తి బొమ్మగా మలచు సదుపాయము నేటి వీడియో సాధనములన్నిట కలదు. ఒక్క జాగ్రత్త చాలును: డి.వి. టేపులో క్రింది సగము ముందు వచ్చును, తరువాత వచ్చిన హెచ్.డి. కెమేరాలలో పై సగము ముందు వచ్చును. వరుస తారుమారైనచో పెండ్లికొడుకు నడుచుచు వడకును.

1995లో డి.వి. అను అంకెల పద్ధతి వెలువడెను. అగ్గిపెట్టెకంటె కొంచెము పెద్దదగు మినీ డి.వి. క్యాసెట్టులో గంట కాలము పట్టును. ఇందు బొమ్మ అయస్కాంతపు అలగా గాక, ఒకట్లు సున్నలుగా వ్రాయబడును. ఆ అంకెలను ఉన్నవియున్నట్లు వ్రాసినచో ఏ టేపును చాలదు. కావున కుదించి వ్రాయవలెను. కుదించు గణితమునకు మూలమైన డిస్క్రీట్ కొసైన్ ట్రాన్స్‌ఫారమ్ అను సూత్రము 1974లో ముగ్గురి పేర ప్రకటింపబడెను. వారు నాసిర్ అహమ్మదు, టి. నటరాజన్, కె.ఆర్. రావు గారలు. ఈ మూడవవారు కామిశెట్టి రామమోహనరావుగారు. అమెరికాలోని టెక్సాసు విశ్వవిద్యాలయపు ఆర్లింగ్టను శాఖలో ఆచార్యులై యుండి, 2021లో పరమపదించిరి. కామిశెట్టి అను ఇంటిపేరు తెలుగువారికి క్రొత్తది కాదు. బొమ్మను చిన్న గళ్లుగా విభజించి, ప్రతి గడియందును కంటికి ఆనునట్టి మార్పులను నిలిపి, ఆననట్టి సూక్ష్మములను విడుచుటయే ఆ సూత్రపు ప్రయోజనము. నేడు కొల్లేటి లంకలో కుఱ్ఱవాడొకడు సెల్లుఫోనున తీయు ప్రతి ఫోటోయందును, ప్రతి వీడియోయందును ఆ గణితమో దాని సంతతియో పనిచేయుచున్నది. ఇంతటి వాని పేరు పాఠ్యపుస్తకములలో ప్రముఖముగా కానరాకపోవుట వింతయే.

మినీ డి.వి. టేపును కంప్యూటరునకు దించుటకు ఫైర్‌వైర్ అను ప్రత్యేకమైన తీగ కావలెను. కెమేరాకు యు.యస్.బి. రంధ్రమున్నను తరచుగా అది ఫోటోలకే గాని పూర్తి వీడియోకు కాదు. ఇది తెలియక విసిగినవారు పెక్కురు. గంట టేపు దించుటకు గంట కాలము పట్టును, 13 గీగాబైట్ల చోటు పట్టును. 2000 ప్రాంతపు కంప్యూటర్ల డిస్కులు ఫ్యాట్-32 పద్ధతిలో నున్నచో ఒక ఫైలు 4 గీగాబైట్లకు మించరాదు. కావున పంతొమ్మిది నిమిషములు గడవగనే దింపుట ఆగిపోయెడిది. మంగళసూత్రధారణము పంతొమ్మిదవ నిమిషముననే రావలెనన్న నియమము లేదు గాని, అట్లు సగములో తెగిన వీడియోలున్నవి. ఇన్ని కష్టములున్నను డి.వి.కి గొప్ప గుణమొకటి యుండెను: అందు ప్రతి బొమ్మయు సంపూర్ణము. ఎచ్చట కోసినను కోతపడును, ఎచ్చట అతికినను అతుకును.

తరువాతి కెమేరాలు ఆ గుణమును విడిచినవి. ఇచ్చట కరణపు లెక్క ఉపకరించును. ప్రతిదినమును గ్రామపు అడంగలు మొదటి సర్వే నంబరునుండి కడపటి నంబరు వరకు వ్రాయువాడు లేడు. ఒకమారు పూర్తిగ వ్రాసి, పిదప మారిన పద్దులు మాత్రమే వ్రాయును. ఎంపెగ్-2, హెచ్.264 అను పద్ధతులు ఇట్లే నడచును. సెకనునకు వచ్చు ఇరువదియైదు బొమ్మలలో ఒకటి రెండు మాత్రమే పూర్తి బొమ్మలు. తక్కినవి ముందటి బొమ్మతో పోల్చి మార్పును చెప్పునవి, మరికొన్ని ముందువెనుకలు రెంటితోను పోల్చి చెప్పునవి. చోటు ఆదాయగును. కాని నడుమ పద్దును తీసికొని ఇది ఏమి చెప్పుచున్నదనిన ఒంటరిగ అది ఏమియు చెప్పదు. వెనుకటి పూర్తి అడంగలు నుండి లెక్క కట్టుకొని రావలెను. వీడియో కూర్పరి కత్తెర వేయునప్పుడెల్ల కంప్యూటరు ఈ లెక్క కట్టవలసియున్నందున, పాత కంప్యూటర్లు రొప్పుచు ఆగిపోయెడివి. పూర్తి బొమ్మ యున్నచోటనే కోసినచో ఏ నష్టమును లేక కోయవచ్చును. వేరొకచోట కోసినచో ఆ ముక్కను మరల కుదించి వ్రాయవలెను, వ్రాసినప్పుడెల్ల కొంత స్పష్టత పోవును. నకలుకు నకలు తీయగా అక్షరములు మాయుటవంటిదే ఇదియు.

కెమేరా కంపెనీల పోటీలో లిపులు పెరిగినవి. అరచేతి డిస్కుల కెమేరా వచ్చెను. దానిని ఫైనలైజు చేసినగాని వేరొక యంత్రము చదువదు. ఆ పని చేయకయే కెమేరాను పాతసామానులవానికిచ్చినచో డిస్కులు మిగిలి తాళపుచెవి పోయినట్లే. పిదప హార్డుడిస్కు గల కెమేరాలు వచ్చి ఎం.ఓ.డి. అను తోకగల ఫైళ్లను వ్రాసినవి. నిజమునకు అవి సాధారణమైన ఎంపెగ్-2 ఫైళ్లే. పేరు చివర ఎం.పి.జి. అని మార్చినచో పెక్కు ప్లేయర్లు గుర్తుపట్టును. తెర వెడల్పును గూర్చిన సూచన మాత్రము వేరొక చిన్న ఫైలులో నుండుటచే, అది తప్పిపోయినపుడు మనుష్యులందరు సన్నగా పొడవుగా సాగి కానవత్తురు. 2006లో సోనీ, పానసోనిక్ సంస్థలు కలిసి ఏ.వి.సి.హెచ్.డి. పద్ధతిని ప్రకటించెను. కార్డులో ఒక ఫోల్డరులోపల నింకొకటిగా సంచులలో సంచులుండి, కడపటి 'స్ట్రీమ్' అను సంచిలో ఎం.టి.ఎస్. ఫైళ్లుండును. పొడవైన చిత్రణను కెమేరా తానే ముక్కలుగ కోసి వేర్వేరు ఫైళ్లలో నింపును. ఏ ముక్క తరువాత ఏది యను లెక్క ఇతర సంచులలో నుండును. ఎం.టి.ఎస్. ఫైళ్లను మాత్రము ఏరి తెచ్చి తక్కినవానిని చెరిపివేయుట కవిలె త్రాడు తెంచి ఆకులు మాత్రము ఎత్తుకొనిపోవుట. సంచులన్నియు ఉన్నవియున్నట్లు దింపుకొనుటయే సరియైన పద్ధతి.

ఇట్టి స్థితిలో సామాన్యుని కంప్యూటరు ఏమి చేసెను? 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పికి స్వతహాగ ఎంపెగ్-2 లిపి రాదు. వేరుగ కోడెక్ తెచ్చుకొనవలెను. కోడెక్ అనగా ఫైలులోని లిపిని చదువు, వ్రాయు విద్య. ఏ.వి.ఐ., ఎం.పి.4, ఎం.కె.వి. అనునవి లిపులు కావు, కవిలెను గ్రుచ్చు త్రాటి పేర్లు. ఒకే తోకగల రెండు ఫైళ్లలో ఒకటి ఆడి ఒకటి ఆడకుండుటకు ఇదియే కారణము. ఈ భేదము తెలిసినవానికి సగము చిక్కు తీరును. తెలియనివారు ఇంటర్నెట్టున దొరకిన కోడెక్ మూటలనెల్ల ఎక్కించుకొని, ఒకదానితో నొకటి పడక, ముందు ఆడుచుండినవి సైతము ఆడకుండ చేసికొనిరి. 2009 నాటి విండోస్ 7 ఈ లిపులలో పెక్కింటిని తానే చదివెను. 2012లో వచ్చిన విండోస్ 8 డి.వి.డి. చదువు విద్యను తన సాధారణ కూర్పునుండి తొలగించెను. నేర్చిన విద్యను యంత్రములు మరచుటయు కలదని దీనివలన తెలియును.

ఈ చెరను విడిపించినది వర్తకులు కారు. పారిసు నగరపు ఎకోల్ సెంత్రాల్ విద్యార్థులు 1996లో తమ వసతిగృహపు తీగలపై వీడియో ప్రసారమునకై మొదలుపెట్టిన పని వి.ఎల్.సి. అను ప్లేయరుగ రూపొంది, 2001లో అందరికిని ఉచితముగ, మూలముతోకూడ, ఈయబడెను. అందుచే వెలుపలి కోడెక్‌లతో పనిలేక, విద్యలన్నియు దాని కడుపులోనే యుండును. 2000లో ఫ్రాన్సు దేశీయుడగు ఫాబ్రీస్ బెల్లార్ ఆరంభించిన ఎఫ్.ఎఫ్.ఎంపెగ్ ఇంకను లోతైనది. అది ఒక సాధనము కాదు, లిపులెల్ల నేర్చిన దుబాసీ. ఎం.టి.ఎస్. ఫైలులోని బొమ్మను ముట్టక త్రాడు మాత్రము మార్చి ఎం.పి.4గ కట్టుట దానికి నిమిషముల పని. నాణ్యము ఇసుమంతయు తగ్గదు. పూర్తిగ లిపి మార్చవలసివచ్చినచో గంటలు పట్టును, కొంత నాణ్యమును పోవును. ఉచితముగ దొరకు కెడెన్‌లైవ్, షాట్‌కట్ వంటి కూర్పు సాధనములు దీనిపైననే ఆధారపడియున్నవి. బలహీనమైన కంప్యూటరుపై పెద్ద వీడియోను కూర్చుటకు ప్రాక్సీ అను ఉపాయము కలదు: ప్రతి ఫైలుకును చిన్న నకలు చేసి, కోతలన్నియు నకలుపై నిర్ణయించి, కడపట అవే కోతలను అసలుపై జరిపింపవలెను. చిత్తుప్రతిపై దిద్దుకొని సాఫుప్రతి వ్రాయుటవంటిదే.

ఇదంతయు పెండ్లి వీడియోల కొరకేనా యని అడుగవచ్చును. కొల్లేటి సంగతి చూచిన అట్లు తోచదు. కృష్ణా గోదావరీ డెల్టాల నడుమ, బుడమేరు, తమ్మిలేరు మొదలగు ఏళ్ల నీటిని గ్రహించి, ఉప్పుటేటి ద్వారా సముద్రమునకు పంపు ఈ మంచినీటి సరస్సు ఇటీవలి కాలమున మారినంతగ మరి యే ప్రదేశమును మారలేదు. 1970 దశకమునుండి చేపల చెరువులు పెరిగి, సరస్సు గర్భమును కట్టలు ఆక్రమించినవి. 1999లో ఐదవ కాంటూరువరకు 308 చదరపు కిలోమీటర్లు అభయారణ్యమని ప్రభుత్వము ప్రకటించెను. 2002లో రాంసార్ జాబితాలో చేరెను. 2006లో చెరువుల గట్లను యంత్రములతో పగులగొట్టిరి. గట్టు తెగినవానికి అది జీవనాధారము తెగుట; వలవేసి బ్రతికెడివానికి సరస్సు తిరిగివచ్చుట. ఈ రెండు మాటలును ఆనాడు లంకలలో వినబడినవి. న్యాయమేదియను విచారణ చట్టసభల పని. చరిత్రకు కావలసినది ఆనాటి నీరెంత, గట్టెచ్చట, ఎవరి నోట ఏ మాట యనునది.

ఆ సాక్ష్యము చాలభాగము దస్తావేజులలో లేదు. గృహస్థుల టేపులలో ఉన్నది. కొల్లేటికోట పెద్దింట్లమ్మ తిరునాళ్లకు ఫాల్గుణమాసమున పడవలపై పోవు చుట్టములను తీసిన వీడియోలో, తీసినవాని దృష్టి చుట్టములపైననే యుండవచ్చును. వెనుకనున్నది మాత్రము సరస్సు. తాటిదోనెలెన్ని, నాచు ఎంత, పక్షులెచ్చట వ్రాలినవి, వంతెన యుండెనా లేదా యనునవి అన్నియు ఆ వెనుకటి బొమ్మలో పడియున్నవి. పెండ్లి ఊరేగింపు వీడియోలో ఊరి వీధి కలదు, పెంకుటిండ్లు కలవు, నేడు లేని రావిచెట్టు కలదు. అప్పటి వృద్ధుల పాటలు, పడవ నడుపువారి కేకలు, లంకల యాస కలవు. ఆటపాకలో గూడబాతులను చూడవచ్చిన యాత్రికులు తీసిన టేపులును ఇట్టివే. తీసినవారికి తెలియకయే వారు శాసనములు చెక్కిరి.

ఆ శాసనములకు కొల్లేటి గాలియే మొదటి శత్రువు. తేమచే టేపుపై తెల్లని బూజు పట్టును. బూజుపట్టిన క్యాసెట్టును శుభ్రపరచక యంత్రమున పెట్టినచో యంత్రపు హెడ్డు చెడును, ఆ హెడ్డు తరువాత పెట్టిన మంచి క్యాసెట్టును చెరచును. బీరువాలో గుడ్డలనడుమ పెట్టిన క్యాసెట్టుకంటె, పొడిగ నుండు డబ్బాలో నిలువుగ నిలిపిన క్యాసెట్టు ఎక్కువకాలము మన్నును. రెండవ శత్రువు యంత్రముల కరవు. వి.సి.ఆర్. యంత్రములను చేయుచు వచ్చిన జపాను కంపెనీలలో కడపటిదగు ఫునాయ్ 2016 జూలైలో ఆ పనిని చాలించెను. మినీ డి.వి. కెమేరాలును తయారగుట లేదు. క్రొత్త కంప్యూటర్లలో ఫైర్‌వైర్ రంధ్రము కానరాదు. టేపు ఇంకను బాగుగనున్నను, చదువు యంత్రము ఊరిలో లేని కాలము వచ్చినది. జిల్లాలో లేని కాలమును దూరమున లేదు.

పట్టణములలోని స్టూడియోలవారు కొందరు క్యాసెట్లను డి.వి.డి.లుగ మార్చి యిచ్చుచున్నారు. మేలైన పనియే గాని, అడిగి తెలిసికొనవలసిన సంగతి యొకటి యున్నది. డి.వి. టేపును డి.వి.డి.గ మార్చుట యనగా 13 గీగాబైట్లను మూడు నాలుగు గీగాబైట్లకు కుదించుట. చూచుటకు డి.వి.డి. చాలును, దాచుటకు మాత్రము టేపులోని అంకెలను యథాతథముగ దించిన ఫైలును అడిగి పుచ్చుకొనవలెను. నేడు హార్డుడిస్కుల వెల చూడగా ఆ గంట వీడియోకగు చోటు ఖర్చు కాఫీ ఖర్చుకంటె మించదు. ఒక నకలు ఇంటను, ఒక నకలు వేరొక యూరను ఉంచుట మంచిది; కరణము కవిలెకు తాలూకాలో నకలున్నట్లు.

సెల్లుఫోనులు వచ్చిన పిదప టేపుల బెడద తొలగినది గాని లిపుల బెడద తొలగలేదు. 2013లో వెలువడిన హెచ్.ఇ.వి.సి. అను క్రొత్త లిపిని పెక్కు ఫోనులు వాడుచున్నవి. దానిని చదువుటకు కొన్ని కంప్యూటర్లకు వేరుగ వెల చెల్లించి విద్య తెచ్చుకొనవలసియున్నది, వి.ఎల్.సి. యున్నవారికి ఆ వెలయు లేదు. వాట్సాపున పంపిన వీడియో దారిలో కుదింపబడి చేరును. పదుగురి చేతులు మారిన పిదప ముఖములు మసకబారును. 2024 సెప్టెంబరున బుడమేరు పొంగి విజయవాడను ముంచి ఆ నీరు కొల్లేటికి దిగినప్పుడు తీసిన వీడియోలు వేనవేలు. వానిలో చాలమట్టుకు ఇట్లు చేతులు మారిన మసక నకళ్లే ఫోనులలో మిగిలియున్నవి. అసలు తీసినవాని ఫోనులోని ఫైలును తీగతో కంప్యూటరునకు దించి, పేరులో ఊరును, తేదిని, తీసినవాని పేరును చేర్చి యుంచినచో, ఏ లంక ఎన్నవనాడు మునిగినదో పిమ్మట చెప్పుట సాధ్యమగును. కెమేరా తానుగ పెట్టు 00012.ఎం.టి.ఎస్. వంటి పేరులో ఊరును లేదు, తేదియు లేదు. అట్టి పన్నెండవ నంబరు ఫైలు ప్రతి యింటను ఒకటి యున్నది.